పక్క సీట్లో ఎవరున్నారు?

కారు వెనకద్దం మీద ఎర్రటి ‘ఎల్’ కనిపించగానే కొందరు వేగం తగ్గించి దూరం పాటిస్తారు. ఇంకొందరు హారన్ మీద నుంచి చెయ్యి తీయరు. ఆ అక్షరానికి అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు. దానికో కొలత ఉందని మాత్రం చాలామందికి తెలియదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మూడోది ఆ బోర్డును సెంటీమీటర్లతో సహా నిర్దేశించింది. తెల్లటి పలక మీద ఎర్రటి అక్షరం ఉండాలి. బండికి ముందొకటి, వెనకొకటి పెట్టాలి. పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు. అక్షరం ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు, మందం 2, అడుగున వెడల్పు 9 ఉండాలి. నోటుబుక్కు కాగితం మీద స్కెచ్ పెన్నుతో గీసి టేపుతో అంటించే ‘ఎల్’ ఈ లెక్కకు నిలవదు.

వెనక వచ్చే లారీ డ్రైవరుకు అది దూరం నుంచే కనబడాలి. ముందున్న బండి ఎప్పుడు ఆగిపోతుందో, ఎటు తిరుగుతుందో చెప్పలేమని అతనికి ముందే తెలియాలి. అందుకే అంత పట్టింపు.

అయితే ఆ నిబంధనలో ఎల్ బోర్డు మూడో షరతు మాత్రమే. మొదటిది, గడువు తీరని లర్నర్స్ లైసెన్సు, అంటే అందరూ ఎల్‌ఎల్‌ఆర్ అనే కాగితం, దగ్గరుండటం. మధ్యలో ఉన్న రెండో షరతే అన్నిటికంటే బరువైనది. ఎక్కువమంది పట్టించుకోనిదీ అదే. ఆ తరహా బండి నడపడానికి పూర్తి లైసెన్సు ఉన్న మనిషి నేర్పేవాడిగా బండిలో ఉండాలి. ఊరికే ఉంటే సరిపోదు. బండిని అదుపు చేయడానికో, ఆపడానికో వీలయ్యే చోట కూర్చోవాలి.

ఈ షరతులు ఎంత గట్టివో అర్థం కావాలంటే 1988 మోటారు వాహనాల చట్టం దాకా వెళ్లాలి. లైసెన్సు లేకుండా బహిరంగ ప్రదేశంలో ఎవరూ బండి నడపకూడదని దాని మూడో సెక్షను చెబుతుంది. నేర్చుకునేవాళ్లకు ఆ సెక్షను నుంచి మినహాయింపు ఇచ్చేదే పైన చెప్పుకున్న నిబంధన. మూడు షరతులూ నెరవేరినంతసేపే ఆ మినహాయింపు ఉంటుంది. జేబులో ఎల్‌ఎల్‌ఆర్ పెట్టుకుని ఒంటరిగా కారు తీసుకెళ్లినవాడు చట్టం లెక్కలో లైసెన్సు లేకుండా నడిపినవాడే. ఆ తప్పుకు 2019 సవరణ జరిమానాను 500 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. మూడు నెలల వరకు జైలు శిక్షకూ అవకాశం ఉంది. తెలిసి బండి ఇచ్చిన యజమాని మీద విడిగా మరో సెక్షను ఉంది.

‘రోడ్డు మీదికి పోలేదండీ, కాలనీ గ్రౌండులోనే’ అన్న సమాధానం కూడా చెల్లదు. జనం వచ్చిపోయే హక్కున్న ఏ చోటైనా చట్టం దృష్టిలో బహిరంగ ప్రదేశమే, అది దారి అయినా కాకపోయినా.

ఆదివారం పొద్దున్నే ఏ పట్టణ శివారుకు వెళ్లినా, ఇళ్లు ఇంకా లేవని వెంచర్ రోడ్ల మీద ఈ పాఠాలు కనిపిస్తాయి. స్టీరింగు ముందు కూతురు, పక్కన తండ్రి. ‘క్లచ్ మెల్లగా వదులమ్మా... మెల్లగా’ అని ఆయన అంటుండగానే కారు గుంజుకుని ఆగిపోతుంది. ఆయన ఎడమ సీట్లో ఉన్నాడు కాబట్టి నిబంధన సగం నెరవేరింది. మిగతా సగం ఆయన కుడిచేతి పక్కనున్న హ్యాండ్ బ్రేకు. ఇంటి కార్లలో నేర్పేవాళ్ల అధీనంలో ఉండే ఒకే ఒక్క సాధనం అది. చాలా కొత్త మోడళ్లలో ఆ కడ్డీ పోయి వేలితో నొక్కే బటన్ వచ్చింది. అది ఎలా పనిచేస్తుందో పాఠం మొదలుపెట్టే ముందే ఆ తండ్రి ఒకసారి సరిచూసుకోవాలి. వెనక సీట్లో కూర్చుని సలహాలిచ్చే బాబాయి మాత్రం ఎన్నేళ్ల అనుభవం ఉన్నా చట్టం చెప్పే బోధకుడు కాలేడు. అక్కణ్నుంచి ఆయన దేన్నీ ఆపలేడు.

డ్రైవింగ్ స్కూలు కార్లకు ‘డబుల్ కంట్రోల్’ తప్పనిసరి చేసింది ఇందుకే. బోధకుడి కాళ్ల దగ్గర కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. ఫీజు కట్టి నేర్చుకునేవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఆ పెడళ్లనే. స్కూలు గోడ మీద రవాణా శాఖ ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో కూడా చూడాలి.

ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో ఏముంది?

ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవడం ఇప్పుడు కష్టమైన పని కాదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, ఒంట్లో ఏ లోపమూ లేదని స్వీయ ప్రకటన ఇచ్చి, స్లాట్ బుక్ చేసుకోవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఒక్కో తరహా బండికి ఫీజు 150 రూపాయలు, పరీక్షకు 50. దాని మీద రాష్ట్రాల సర్వీసు చార్జీలు ఉంటాయి. కంప్యూటరు ముందు కూర్చుని వచ్చిన ప్రశ్నల్లో నూటికి అరవై వంతు సరిగ్గా చెబితే చాలు. 2021 నుంచి ఆధార్ ఆధారంగా ఆఫీసుకు వెళ్లకుండానే ఈ పని పూర్తి చేసుకునే వీలును కేంద్రం కల్పించింది.

సౌకర్యం మంచిదే. కానీ పక్కనెవరో జవాబులు చెబుతుంటే బటన్లు నొక్కి గట్టెక్కినవాళ్లు చాలా పోగొట్టుకుంటారు. ఈ పరీక్షలో ఏముండాలో 11వ నిబంధన నాలుగు అంశాలుగా చెప్పింది: రోడ్డు గుర్తులూ నియమాలూ, ప్రమాదం జరిగితే డ్రైవరు చేయాల్సిన పనులు, కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు, వెంట ఉండాల్సిన కాగితాలు. ఒక్కోదాని వెనకా నిజమైన ప్రమాదాలున్నాయి.

రైల్వే గేటు సంగతే చూడండి. కాపలా లేని గేటు దగ్గర బండి ఆపాలి. కండక్టరో, క్లీనరో, తోడున్న మనిషో దిగి పట్టాల దాకా నడిచి వెళ్లి, రెండు వైపులా చూసి, రైలు రావడం లేదని తేల్చుకున్నాకే బండిని దాటించాలి. తోడెవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. చట్టంలో 131వ సెక్షను ఇది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర అలాంటి గేటు మీదే స్కూలు బస్సును నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొట్టింది. పదిమందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లన్నిటినీ 2019 జనవరి చివరికి తొలగించామని రైల్వే శాఖ ప్రకటించింది. గేట్లు పోయినా, ముందేముందో తెలియనప్పుడు దిగి చూసి వెళ్లమనే ఆ సెక్షను ఇవాళ్టికీ నేర్చుకోదగ్గదే.

పాడేరు ఘాట్ లాంటి ఇరుకు దారిలో ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఎవరు ఆగాలి? కిందికి దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఎక్కుతూ ఆగిన బండిని మళ్లీ కదిలించడం కష్టం కాబట్టి ఆ నియమం. ప్రమాదం చేసినవాడు ఏం చేయాలి? గాయపడినవాళ్లను ఆస్పత్రికి చేర్చే ఏర్పాటు చేయాలి, పోలీసులకు చెప్పాలి. జనం కొడతారన్న భయంతో పారిపోవడం మనకు అలవాటుగా మారింది. చుట్టూ జనం ఎగబడి ప్రాణభయం ఉన్నప్పుడు చట్టం కూడా మినహాయింపు ఇస్తుంది. అప్పుడైనా వీలైనంత త్వరగా, 24 గంటలు దాటకుండా స్టేషనుకు వెళ్లి చెప్పాల్సిందే. ఈ సంగతి స్టీరింగు పట్టకముందే తెలియాలి.

ఒకప్పుడు ఎల్‌ఎల్‌ఆర్ కౌంటరు దాకా కూడా రానీయని కొందరికి ఇప్పుడు దారి దొరికింది. చెవులు వినిపించనివాళ్లు డ్రైవింగ్ పరీక్షకు రావచ్చని 2011లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. రంగులు గుర్తించడంలో స్వల్ప, మధ్యస్థ స్థాయి లోపం ఉన్నవాళ్లకూ లైసెన్సు ఇవ్వొచ్చని 2020 జూన్‌లో కేంద్రం నిబంధన మార్చింది.

పదహారేళ్ల చిక్కు

బండి నడపడానికి కనీస వయసు 18 ఏళ్లు. రవాణా వాహనాలకైతే 20. అంతకుముందే 16 ఏళ్లకు ఒక చిన్న వెసులుబాటు ఉంది. 50 సీసీ దాటని ద్విచక్ర వాహనానికి, అమ్మానాన్నల రాతపూర్వక అంగీకారంతో ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవచ్చు. లూనాలు, టీవీఎస్ 50లు తిరిగిన రోజుల్లో దీనికి అర్థం ఉండేది. ఇప్పుడు షోరూముల్లో ఆ ఇంజన్లు లేవు. ఇంట్లో అమ్మ నడిపే గేర్లు లేని స్కూటరు సాధారణంగా 110 సీసీ. ఊళ్లో పాలు మోసే ఎక్సెల్ కూడా 100 సీసీకి దగ్గర. ‘గేర్లు లేవుగా, లైసెన్సు అక్కర్లేదులే’ అన్న మాట ఎన్నో ఇళ్లలో వినిపిస్తుంది. అది పూర్తిగా తప్పు. గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్ల లోపు మోటారున్న చిన్న ఎలక్ట్రిక్ బండ్లకే లైసెన్సు అవసరం లేదు.

2019 సెప్టెంబరు 1 నుంచి ఈ విషయంలో చట్టం తల్లిదండ్రుల వైపు తిరిగింది. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడినో, బండి యజమానినో దోషిగా భావిస్తుంది 199-ఏ సెక్షను. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, పన్నెండు నెలలు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగినంత ప్రయత్నం చేశాననో తండ్రే రుజువు చేసుకోవాలి. అంతకుముందే, 2018లో హైదరాబాద్‌లో మైనర్లకు బండ్లిచ్చిన తండ్రులు పలువురిని కోర్టులు ఒక రోజు జైలుకు పంపినప్పుడు నగరమంతా దాని గురించే మాట్లాడుకుంది. కొన్నాళ్లకు ఆ చర్చ ఆగిపోయింది. ట్యూషన్ సెంటర్ల ముందు స్కూటర్లు మళ్లీ బారులు తీరాయి.

2024 మే 19న పుణె కల్యాణీ నగర్‌లో పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. కారు నడిపాడని పోలీసులు కేసు పెట్టింది 17 ఏళ్ల బాలుడి మీద. ప్రమాదాల మీద మూడు వందల మాటల వ్యాసం రాయాలన్న షరతుతో జువెనైల్ బోర్డు మొదట బెయిలివ్వడంతో దేశమంతా అట్టుడికింది. 25 ఏళ్లు వచ్చేదాకా ఆ బాలుడికి లైసెన్సు ఇవ్వబోమని మహారాష్ట్ర రవాణా శాఖ చెప్పింది. ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్లకు ఆ మాట ఎంత ఊరటో ఎవరూ చెప్పలేరు. తాళం చెవి చేతికివ్వకపోవడం ఇంట్లో పెద్దలు చేయగలిగిన పని.

ముప్ఫై రోజులు దేనికి?

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్నాక కనీసం 30 రోజులు గడిస్తే గాని డ్రైవింగ్ పరీక్షకు వెళ్లనివ్వరు. ఆ నెల రోజుల్ని నిరీక్షణగా లెక్కేసుకోవడం దగ్గరే తప్పు మొదలవుతోంది. బండి ఇంట్లోనే ఉంటుంది, కాగితం ఫోన్లో ఉంటుంది, ముప్ఫై ఒకటో రోజుకు ఏజెంటు స్లాట్ బుక్ చేస్తాడు. చట్టం ఉద్దేశం వేరు. ఆ నెలంతా పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, ఎల్ బోర్డు పెట్టుకుని రోడ్డు మీద తిరగమని దానర్థం. వాన పడుతుంటే నడపాలి. పొద్దుగూకాక ఎదురు బండ్ల హెడ్‌లైట్లలో నడపాలి. సంతరోజు జనంలో నడపాలి.

కారు నేర్పే స్కూలుకు నిబంధనలు పెట్టిన లెక్క కూడా ఉంది. సొంత వాహనాల వాళ్లకు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అందులో స్వయంగా నడిపిన సమయం పది గంటలకు తగ్గకూడదు. రోజుకు అరగంట లెక్కన ఇరవై రోజులకు పది గంటలవుతాయి. చాలాచోట్ల జరిగేది వేరు. ఒకే కారులో ముగ్గురిని ఎక్కించి, ఒక్కొక్కరికి పది పదిహేను నిమిషాలు స్టీరింగు అందిస్తారు. వెనక సీట్లో కూర్చున్న సమయం నడిపిన లెక్కలోకి రాదు. తన చేతిలో స్టీరింగు ఎన్ని నిమిషాలు ఉందో రోజూ చిన్న పుస్తకంలో రాసుకుని, పది గంటలు పూర్తయ్యాకే శిక్షణ ముగిసినట్టు స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్ అడిగే హక్కు ఫీజు కట్టినవాళ్లకు ఉంది.

తర్వాత ట్రాకు. మన ఊళ్లలో ఇప్పటికీ మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరును ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అనే పిలుస్తారు. నాగోలు ట్రాకు అయినా, జిల్లా ఆర్టీఏ ఆఫీసు వెనక ఖాళీ స్థలమైనా జనం భయపడేది రెండు ఆకారాలకే. బైకుకు 8, కారుకు ‘హెచ్’. బైకు మీద కాలు నేల మీద పెట్టకుండా ఎనిమిది తిప్పాలి. కారును గీతలు దాటకుండా ముందుకీ వెనక్కీ ‘హెచ్’లో నడపాలి. అందుకే నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు అంతా ఈ రెండింటి మీదే పడతారు.

పదిహేనో నిబంధన అడిగేది మాత్రం దీనికన్నా చాలా ఎక్కువ. అద్దాలు సరిచేసుకోవడం, ఓవర్‌టేక్ చేయడం, కుడి ఎడమలకు తిరిగేముందు సంకేతం ఇవ్వడం, దిగుడులో గేరు మార్చడం, అవసరమైతే ఒక్కసారిగా ఆపగలగడం అన్నీ అందులో ఉన్నాయి. వాటిలో ఒక్కటి అందరూ సాధన చేసి తీరాలి: ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదలడం. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచాలి. ఎడమ కాలితో క్లచ్‌ను మెల్లగా వదులుతూ, కుడి కాలితో యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కాలి. ఇంజను శబ్దం మారి, కారు ముందు భాగం కాస్త పైకి లేచినట్టు అనిపించే చోటే హాఫ్ క్లచ్. అప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలితే కారు అంగుళం కూడా వెనక్కి పోదు. ఫ్లైఓవర్ ఎక్కే దారిలో ట్రాఫిక్ ఆగినప్పుడు, వెనక బైకు మీద బిడ్డను కూర్చోబెట్టుకున్న అమ్మ ఉన్నప్పుడు ఆ అంగుళం విలువ తెలుస్తుంది.

పరీక్ష తప్పితే ఏడు రోజులు ఆగి మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే అరవై రోజులు ఆగాలి. 2019 సవరణ మూడుసార్లు తప్పినవాళ్లు డ్రైవింగ్ స్కూల్లో అదనపు శిక్షణ పూర్తి చేసి రావాలని కూడా చేర్చింది. తప్పడం నామోషీ కాదు. డబ్బులిచ్చి గట్టెక్కడమే అసలు ప్రమాదం. పాసైనవాళ్లలో ముప్ఫై ఏళ్లలోపు వారికి లైసెన్సు నలభై నిండేదాకా చెల్లుతుంది. అంటే ఆ ఒక్క పరీక్ష తర్వాత పదేళ్లకు పైగా వాళ్ల డ్రైవింగును ఎవరూ చూడరు.

ఆర్టీఏ పరీక్షే ఉండదని 2024 మేలో వాట్సాప్ అంతా తిరిగిన మాటను కూడా ఇక్కడే తేల్చుకోవాలి. గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల నిబంధన 2021 జులై 1 నుంచే ఉంది. కార్లకు 29 గంటల కోర్సు, అందులో 21 గంటలు చక్రం ముందే. అలాంటి కేంద్రంలో పాసైనవాళ్లకు ఆర్టీఏ ట్రాకు పరీక్ష అవసరం లేదు. ద్విచక్ర, తేలికపాటి వాహనాలకు ఆ కేంద్రానికి కనీసం ఎకరం స్థలం ఉండాలి. మామూలు డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్‌కు ఆ మినహాయింపు వర్తించదు. కొత్తగా ఏదీ మారలేదని కేంద్ర రవాణా శాఖే అప్పట్లో వివరణ ఇచ్చింది.

నేర్చుకునేవాడి చేతిలో ప్రమాదం జరిగితే బీమా వస్తుందా అన్న భయం చాలామందికి ఉంది. నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ, స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. చెల్లుబాటయ్యే లర్నర్స్ లైసెన్సు ఉన్నవాడూ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్నవాడే, బాధితుడికి పరిహారం చెల్లించే బాధ్యత నుంచి బీమా కంపెనీ తప్పించుకోలేదు. గడువు తీరిన ఎల్‌ఎల్‌ఆర్‌తో తిరిగేవాళ్లు ఈ తీర్పు మీద ఆశ పెట్టుకోకూడదు.

బైకు మీద పక్క సీటేది?

ఇక అన్నిటికంటే పెద్ద లొసుగు ద్విచక్ర వాహనాలది. నేర్చుకునేవాడు బైకు మీద ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు, నేర్పేవాణ్ని తప్ప. ఆ నేర్పేవాడు బండిని అదుపు చేయగల చోట ఉండాలి. కానీ బైకుకు ముందు బ్రేకు కుడిచేతి వేళ్ల దగ్గర, వెనక బ్రేకు కుడికాలి కింద ఉంటాయి. వెనక కూర్చున్న అన్నయ్య చెయ్యి హ్యాండిల్‌కు అందినా, కాలు పెడల్‌కు అందదు. పైగా ఇద్దరి బరువుతో బండి నిలపడం కొత్తవాడికి ఇంకా కష్టం. కాబట్టి చాలామంది ఒంటరిగానే నేర్చుకుంటారు. నిబంధన ప్రకారం వాళ్లంతా మినహాయింపు కోల్పోయినవాళ్లే. ఆచరణలో వాళ్లను ఎవరూ ఆపరు. నెలాఖరుకు వాళ్లే ఎనిమిది తిప్పి లైసెన్సు తీసుకుంటారు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. ఇంతమంది ప్రాణాలు పోతున్న బండిని నేర్పే విధానం మీద మన నిబంధన ఆచరించడానికి వీల్లేని ఒక్క వాక్యం రాసి వదిలేసింది.

ఎర్రటి ఎల్ బోర్డును 1935లోనే తప్పనిసరి చేసిన బ్రిటన్ బైకుల విషయంలో వేరే దారి పట్టింది. అక్కడ నేర్చుకునేవాడు వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. కానీ రోడ్డెక్కే ముందే శిక్షకుడి దగ్గర ఒక ప్రాథమిక శిక్షణ పూర్తి చేయాలి. మొదట ఆవరణలో, తర్వాత రోడ్డు మీద నడిపి చూపించాలి. 1990 నుంచి అది తప్పనిసరి. ఆ సర్టిఫికెట్ వచ్చాకే ఒంటరిగా ఎల్ బోర్డుతో తిరగొచ్చు. చదువుకో, ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన తెలుగు యువకులు ఫుడ్ డెలివరీ బైకు ఎక్కాలంటే ముందు ఆ శిక్షణకే వెళతారు.

ఇక్కడ అది అసాధ్యమేమీ కాదు. ట్రాకులు ఉన్నాయి, ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు, లైసెన్సున్న స్కూళ్లు ఉన్నాయి. ఎల్‌ఎల్‌ఆర్ ఇచ్చే రోజునే ఒక పూట ట్రాకు మీద బ్రేకులు వాడటం, హెల్మెట్ బకిల్ పెట్టుకోవడం, మలుపులో వేగం తగ్గించడం, తడి రోడ్డు మీద ఆపడం నేర్పి పంపవచ్చు. మూడో నిబంధన కేంద్రం రాసింది కాబట్టి బైకుల షరతును మార్చే అధికారం దానిదే. ఒక పూట శిక్షణకు ట్రాకు తెరిచి, బోధకుణ్ని పెట్టడానికి మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగక్కర్లేదు.